ఏడు మిల్లీమీటర్లు

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు మెకానికల్ కదా! లోవరింగ్ స్ప్రింగులు వేయించమంటావా, కాయిలోవర్లా?"

పోయిన ఏడాది మా బావ వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో 2016 మోడల్ హోండా సిటీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. టైరుకీ పైన ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్ళు దూరేంత ఖాళీ ఉంది, చూడ్డానికి పొట్టి పంచె కట్టినట్టుందని ఆయన బాధ. నేను అప్పటికి థర్డ్ ఇయర్. వైబ్రేషన్స్ యూనిట్ చదివి, పరీక్ష రాసి, పాసై కూడా ఉన్నాను. రెండు నిమిషాల్లో జవాబిచ్చేశాను: "స్ప్రింగులే బావా. చవక, లుక్ కూడా అదిరిపోద్ది."

ఆ జవాబు ఎందుకు తప్పో తెలిసేసరికి ఐదు నెలలు పట్టింది. కారు కొన్న అన్నలకీ బావలకీ మన బ్రాంచి వాళ్ళందరూ ఏదో ఒక రోజు ఈ సలహా చెప్పాల్సి వస్తుంది కాబట్టి, నేను ఆలస్యంగా వేసిన లెక్క మీ ముందు పెడుతున్నాను. బ్రాంచి ఏదైనా ఫర్వాలేదు, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు.

ముందు ఈ రెండూ ఏమిటో చెప్పుకుందాం. లోవరింగ్ స్ప్రింగ్ అంటే కంపెనీ స్ప్రింగ్ తీసేసి దాని చోట పెట్టే కాస్త పొట్టి, కాస్త గట్టి స్ప్రింగ్. షాక్ అబ్జార్బర్ పాతదే ఉంటుంది. కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాకూ కలిపి కొత్తగా వచ్చే సెట్టు. షాక్ ఒంటి మీద మర చుట్లు ఉంటాయి, వాటి మీద రింగు తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. ఆ పేరు నాకు కొంచెం విచిత్రంగా అనిపిస్తుంది. మన సెడాన్ల ముందు చక్రాలకి ఉండే మాక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో స్ప్రింగు ఎప్పుడూ షాక్ చుట్టూనే ఉంటుంది కదా. ఇక వెనక టార్షన్ బీమ్ ఉన్న చాలా సెడాన్లలో స్ప్రింగు ఒక చోట, షాకు ఒక చోట ఉంటాయి. అక్కడ 'కాయిలోవర్ కిట్' కొన్నా వచ్చేది విడి స్ప్రింగు, దాని కింద ఎత్తు మార్చే ఒక దిమ్మ, విడిగా ఒక షాకు. పేరుకీ వస్తువుకీ సంబంధం సగమే.

ధరలు అడిగితే, స్ప్రింగుల సెట్టుకి చెప్పిన దానికి కాయిలోవర్ సెట్టు మూడు నాలుగు రెట్లు చెప్పారు. బావ నా మాట విన్నాడు. కారుని 35 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు తెప్పించి, 70 వేల కిలోమీటర్లు తిరిగిన పాత షాకుల మీదే ఎక్కించాడు. ఫోటో పంపాడు. నిజం చెప్పొద్దూ, బావుంది. నేను స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

తర్వాత అక్కకి ఏడో నెల వచ్చింది. పుట్టింటికి తీసుకురావడానికి అమ్మా నేనూ హైదరాబాద్ వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో బావ డ్రైవింగ్, పక్కన నేను, వెనక అక్క, అమ్మ, అక్క వాళ్ళ అత్తగారు. డిక్కీలో మూడు సూట్‌కేసులు, ఆవిడ పెట్టిన పచ్చడి జాడీలు. సూర్యాపేట, కోదాడ దాటేవరకూ హైవే మీద కారు కుదురుగానే ఉంది. అప్పుడప్పుడూ బ్రిడ్జి జాయింట్ల దగ్గర వెనక నుంచి "ఠప్" అని చిన్న చప్పుడు వచ్చేది. నేను పట్టించుకోలేదు.

నందిగామ దగ్గర హైవే దిగితే మా ఊరికి 14 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద ఠప్పులు లెక్కపెట్టడం మానేశాను. ఊరి మొదట్లో రామాలయం ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు మిగిలిన మాలుతో మావాళ్ళే వేసుకున్నది. బావ నెమ్మదిగానే ఎక్కించాడు. ముందు చక్రాలు దిగాయి, కింద 'గర్ర్' మని గీరుకుంది, వెనక చక్రాలు ఎక్కి దిగేటప్పుడు వచ్చిన దెబ్బకి అక్క "అమ్మా" అని రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

బావ కారు ఆపేశాడు. అక్క మంచినీళ్ళు తాగి "ఏం కాలేదు, పోనీయండి" అంది. మర్నాడు డాక్టరమ్మ కూడా ఏమీ లేదనే చెప్పింది. కానీ ఆ గుడి దగ్గర కారు ఆగిన రెండు నిమిషాలూ బావ నా వైపు చూడలేదు. అమ్మ మాత్రం, "కారు అందంగా ఉందన్నారుగా, లోపల కూర్చునేవాళ్ళ సంగతి ఎవరూ అనుకోలేదా?" అంది. ఆ రాత్రి పాత నోట్సు తీశాను.

స్ప్రింగు సూత్రం అందరికీ తెలిసిందే, ఎంత నొక్కితే అంత బలం. (రాబర్ట్ హుక్ దీన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసిన పొడుపుకథలా అచ్చు వేయించి, 1678లో విప్పి చెప్పాడు. మన క్లబ్బులో చేరాల్సిన మనిషి.) కారు వెనక ఒక్క చక్రం మీద 250 కిలోలు ఉన్నాయనుకుందాం. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 20 న్యూటన్లు. కారు మామూలుగా నిలబడ్డాక, చక్రం ఇంకా ఎంత పైకి కదిలితే షాక్ రాడ్ మీదుండే బంప్ స్టాప్‌కి తగులుతుందో దాన్ని బంప్ ట్రావెల్ అంటారు. అది 80 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇవి కంపెనీ చెప్పిన అంకెలు కావు, లెక్క తేలిగ్గా ఉండటానికి నేను పెట్టుకున్న గుండ్రటి అంకెలు. కానీ ఆ సైజు కారుకి మరీ దూరంగా ఏమీ ఉండవు.

ఇప్పుడు 35 మిల్లీమీటర్లు దించాం. షాకు పాతదే, బంప్ స్టాప్ ఉన్న చోటే ఉంది. కాబట్టి 80లోంచి 35 పోయి 45 మిగిలింది. దానికి బదులుగా కొత్త స్ప్రింగు 30 శాతం గట్టిది, అంటే 26 న్యూటన్లు. "ట్రావెల్ తగ్గినా స్ప్రింగు గట్టిది కాబట్టి సరిపోతుంది" అని షాపులో చెప్పే మాట ఇదే. సరిపోతుందా?

గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు మింగాల్సింది శక్తిని. అది గట్టిదనంతో మామూలుగా, ట్రావెల్‌తో మాత్రం వర్గంగా పెరుగుతుంది. పాత స్ప్రింగు బంప్ స్టాప్ తగిలే లోపు మింగగలిగేది 64 జౌళ్ళు. కొత్తది 26. సగం కూడా లేదు. షాకు కూడా కొంత మింగుతుంది, దాన్ని పక్కన పెట్టి స్ప్రింగు వరకే చూస్తున్నాను. ఆ 64ని 45 మిల్లీమీటర్లలోనే మింగాలంటే స్ప్రింగు 26 కాదు, 63 న్యూటన్లు ఉండాలి. మూడు రెట్ల పైమాట. అంత గట్టి స్ప్రింగు వేస్తే ఊగే వేగం సెకనుకి 1.4 నుంచి 2.5 సార్లకి పోతుంది. కుటుంబాలు ఎక్కే కార్లు ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటాయి. రెండున్నర రేసు ట్రాకు లెక్క.

ఇదంతా ఖాళీ కారుకి. మా కారు ఖాళీగా లేదు. వెనక ముగ్గురూ, జాడీలూ, సూట్‌కేసులూ కలిపి ఒక్కో వెనక చక్రం మీద ఇంకో 100 కిలోలు వేసుకోండి. పాత స్ప్రింగు అయితే ఆ బరువుకి 49 మిల్లీమీటర్లు దిగేది, 31 మిగిలేది. కొత్త స్ప్రింగు గట్టిది కాబట్టి 38 మాత్రమే దిగింది. కానీ 45లో 38 పోతే మిగిలింది 7.

ఏడు మిల్లీమీటర్లు. నా చిటికెన వేలు వెడల్పు కూడా కాదు. ఆ మిగిలిన దూరంలో స్ప్రింగు మింగగలిగేది పాత దాంతో పోలిస్తే పదిహేనో వంతు. అంటే నిండుగా ఉన్న మా కారు నందిగామ నుంచి ఊరి దాకా స్ప్రింగుల మీద నడవలేదు. బంప్ స్టాపుల మీద, రబ్బరు దిమ్మల మీద నడిచింది. ప్రతి ఠప్పూ అదే. వెనక సీటు సరిగ్గా ఆ దిమ్మల పైనే ఉంటుంది.

కొన్ని స్ప్రింగులు నొక్కేకొద్దీ గట్టిపడేలా చుడతారు, వాటికి ఈ లెక్క ఇంత ఘోరంగా రాదు. అయినా పోయిన ట్రావెల్ తిరిగి రాదు. పైగా షాకులు పాతవి. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, కొత్త షాకులకైనా దాన్ని అదుపు చేసే నిష్పత్తి 12 శాతం దాకా పడిపోతుంది. 70 వేలు తిరిగి నీరసించిన వాటి సంగతి చెప్పక్కర్లేదు. కారు గుంత దాటాక రెండుసార్లు ఊగేది, అది 'స్పోర్టీ' అనుకున్నాం.

కింద గీరుకున్న సంగతి వేరే. సిటీకి గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2600. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పున్న వంపు మీద కారు నాలుగు చక్రాలతోనూ నిలబడగలదు. అప్పుడు మధ్యలో పొట్ట కిందికి వంపు పొడుచుకొచ్చేది 50 మిల్లీమీటర్లే. అంటే దించిన కారు, నిండా జనం ఉన్న కారు కూడా గీరకుండా దాటేస్తుంది. మా రామాలయం బ్రేకర్ వెడల్పు రెండడుగులు. నేను టేపు పెట్టి కొలిచాను, ఎత్తు 12 సెంటీమీటర్లు. ముందు చక్రాలు దిగి వెనకవి ఎక్కకముందు ఆ 120 మిల్లీమీటర్లూ పూర్తిగా పొట్ట కిందే ఉంటాయి. బరువుకి కారు మధ్యలో 30 దిగిందనుకున్నా, కంపెనీ ఎత్తులో 135 మిగిలి వేలు సందున దాటిపోయేది. మాది 100 దగ్గర ఉంది. కాబట్టి మీ దారిలో బ్రేకర్ ఎత్తు ఒక్కటే చూడకండి, వెడల్పు చూడండి.

ఇక మలుపుల్లో బాగుంటుందన్న మాట. కారు కిందికి దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది, నిజమే. కానీ మాక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో కింది ఆర్మ్ కోణం కూడా మారిపోతుంది. చక్రం వైపు కొస పైకి లేస్తుంది. దాంతో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ గురుత్వ కేంద్రం కంటే ఎక్కువ దిగిపోతుంది. రెండిటి మధ్య దూరమే ఒరిగించే మీట, అది పొడవవుతుంది. కొంచెం దించితే గట్టి స్ప్రింగు ఆ నష్టాన్ని కమ్మేసి లాభమే మిగుల్చుతుంది. బాగా దించితే గట్టిదనం పెంచిందంతా ఆ మీటతో కుస్తీకే సరిపోతుంది. మోటార్‌స్పోర్ట్ వాళ్ళు దించాక బాల్ జాయింట్లు కూడా మార్చేది ఇందుకే. మన వీధిలో ఆ పని ఎవరూ చెయ్యరు.

మరి కాయిలోవర్లు వేయించి ఉంటే బాగుండేదా? బావ అడిగిన మొదటి ప్రశ్న ఇదే, కొంచెం కోపంగా. నా జవాబు: ఏ రకం అన్నదాన్ని బట్టి. కాయిలోవర్లలో రెండు జాతులున్నాయి, అమ్మేవాడు చెప్పడు, మనమే అడగాలి. ఒక రకంలో స్ప్రింగు కూర్చునే పీట మాత్రమే కిందికీ పైకీ జరుగుతుంది. దాన్ని కిందికి తిప్పి కారు దించితే షాక్ రాడ్ అంత మేరా లోపలికి పోతుంది, ట్రావెల్ అంతే పోతుంది. అంటే ఖరీదైన లోవరింగ్ స్ప్రింగే. రెండో రకంలో షాకు కింది బ్రాకెట్టే మర మీద జరుగుతుంది. అక్కడ కారు దిగినా రాడ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ట్రావెల్ పోదు. ఆ రకం నిజంగా మంచి ఇంజినీరింగ్. షాకు లోపలి వాల్వులు కూడా ఆ స్ప్రింగుకి తగినట్టే ఉంటాయి, నాబ్ తిప్పి మెత్తగానో గట్టిగానో పెట్టుకోవచ్చు.

అయితే ట్రావెల్ మిగలడం అంటే చక్రం అంత మేరా పైకి వెళ్ళడమే కదా. కారు దిగి ఉంది కాబట్టి టైరు పోయి ఫెండర్ లోపలి అంచుకి తగలొచ్చు. పొట్ట కింద గీరుకోవడం ఎలాగూ తప్పదు, రామాలయం బ్రేకర్‌కి కాయిలోవర్ అంటే ప్రత్యేక గౌరవం ఏమీ లేదు. పైగా పొట్టి షాకుల్లో మొత్తం స్ట్రోకు కంపెనీ వాటికంటే తక్కువ ఉండటం మామూలు. నిర్వహణ కూడా ఉంది. మరల్లో బురదా తుప్పూ పట్టి రింగు బిగుసుకుపోతుంది, సముద్రం దగ్గర ఊళ్ళలో మరీ త్వరగా. షాకు కారితే విప్పి బాగుచేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో దొరకరు. ప్రతి నెలా ట్రాక్‌కి వెళ్ళేవాడికి ఇవన్నీ తట్టుకునే కారణం ఉంటుంది. ఆఫీసుకీ, పండక్కి ఊరికీ వెళ్ళే మా బావకి లేదు.

స్ప్రింగులు ఎవరికీ పనికిరావని కూడా అనను. కారులో ఎప్పుడూ ఒకరో ఇద్దరో, రోడ్లు సిటీవి, దించేది 20 మిల్లీమీటర్ల లోపు, షాకులు కొత్తవి. ఈ నాలుగూ ఉంటే పేరున్న కంపెనీ స్ప్రింగులు చక్కగా పనిచేస్తాయి. మాకు నాలుగులో ఒక్కటి కూడా లేదు.

ఒక్క పని మాత్రం ఎవరూ చెయ్యకండి, కంపెనీ స్ప్రింగుని చుట్టు కోయించడం. ఐదొందలకి అయిపోతుందని చేస్తారు. గ్యాసు మంటతో కోస్తే ఆ ఉక్కుకి ఇచ్చిన టెంపర్ పోతుంది. కోసిన కొస పీటలో సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై చోటు తప్పొచ్చు. ఇంట్లో స్ట్రట్ విప్పే ప్రయత్నం కూడా వద్దు. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు తీస్తే అందులో అదిమి ఉన్న బలమంతా మీ ముఖం మీదికి వస్తుంది.

దించాక అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైర్లు లోపలి వైపు అరిగిపోతాయి. హెడ్‌లైట్ల దిశ మళ్ళీ సరిచూసుకోవాలి. కాగితాల విషయం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకి ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పని మొదలుపెట్టే ముందే ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మేం అదీ చెయ్యలేదు.

కొనకముందే మీ కారుకి ఎంత ట్రావెల్ మిగిలి ఉందో పది రూపాయల్లో తెలుసుకోవచ్చు. షాకు మీది డస్ట్ బూట్ కొంచెం జరిపి, మెరిసే రాడ్‌కి ఒక సన్నటి జిప్ టై బిగించండి. షాకు ఒంటికి ఆనుకునే దాకా కిందికి జరపండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీరు మామూలుగా వెళ్ళే దారిలో వెళ్ళి రండి. షాకు మూసుకున్నప్పుడల్లా అది జిప్ టైని పైకి నెడుతుంది. ఆఖరికి ఎక్కడ ఆగిందో, అక్కడి నుంచి బంప్ స్టాప్‌కి ఎంత దూరం ఉందో కొలవండి. అదే మీ దగ్గర ఖర్చుపెట్టడానికి ఉన్న సొమ్ము. 35 దించాలనుకుంటే అక్కడ కనీసం 35 కనబడాలి. హాస్టల్లో కారు లేదంటారా, బైక్ ముందు ఫోర్కుకి కట్టి చూడండి, వెనక రూమ్మేట్‌ని ఎక్కించుకుని.

బావ కారుకి ఇప్పుడు మళ్ళీ కంపెనీ స్ప్రింగులే ఉన్నాయి. షాకులు నాలుగూ కొత్తవి వేయించాం, అందులో నా ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ కూడా కొంత కలిసింది. లోవరింగ్ స్ప్రింగులు మా ఇంట్లో అటక మీద బియ్యం డబ్బా పక్కన ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడొచ్చు. అమ్మను.

మూడో నెలలో మేనకోడల్ని హైదరాబాద్ పంపేటప్పుడు వెనక షాకుకి జిప్ టై కట్టాను. బావ ఏమీ అనలేదు, టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఈసారీ వెనక ముగ్గురు, అక్క ఒళ్ళో పాప, డిక్కీ నిండా సారె. ఇంటికి చేరగానే బావ స్కేలు పెట్టి ఫోటో తీసి పంపాడు. బంప్ స్టాప్‌కి ఇంకా 18 మిల్లీమీటర్లు ఉంది.